ఆముదం తాగిన బాల్సా: కొత్త కవరింగ్‌కు ముందు నూనె దేంతో తీయాలి, ఎక్కడ కోసి పారేయాలి

బాల్సా అనే తేలిక కట్టెతో కట్టిన పాత మోడల్ విమానం ఏదైనా చేతికొచ్చి, దానికి కొత్తగా కవరింగ్ (కట్టె మీద ఇస్త్రీతో అతికించే పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్) వేద్దామనుకుంటే, కత్తీ ఇస్త్రీ పెట్టే బయటికి తీసే ముందు ఒక్కసారి దాని ముక్కు దగ్గర మీ ముక్కు పెట్టి వాసన చూడండి. తమాషాకు అనడం లేదు. అది ఆముదం వాసనా, బైకు పొగ వాసనా, లేక వాసనేమీ లేని జిడ్డా అన్నదాన్ని బట్టే మీరు ఏ షాపుకు పోవాలో తేలుతుంది. నేను ఆ పని చేయకుండా మొదలుపెట్టి రెండు ఆదివారాలు, ఒక లీటరు పెట్రోలు, ఒక తోక రెక్క పోగొట్టుకున్నాను.

నాది 40 సైజు ట్రైనర్ (ఎగరేయడం నేర్చుకునే మోడల్), అంటే 0.40 ఘనపు అంగుళాల ఇంజన్, మన లెక్కలో 6.5 సీసీ. బెంగళూరులో ఉండే మా పిన్ని కొడుకు ఎగరేయడం మానేసి, అట్టపెట్టెలో చుట్టి బస్సు పార్సిల్లో కర్నూలుకు పంపించాడు. పెట్టె తెరవకముందే సంగతి అర్థమైంది, ఎందుకంటే అడుగు అట్ట బజ్జీల పొట్లం కాగితంలాగా నూనె తాగి అవతలి వెలుతురు కనిపిస్తోంది. పాత ఫిల్మ్ పీకితే సైలెన్సర్ ఉన్న వైపు కట్టె మొత్తం తేనె రంగు, ఇంజన్ బిగించే ప్లైవుడ్ పలక, అదే ఫైర్‌వాల్, దాని చుట్టూ ఐతే ఏకంగా నల్ల బెల్లం రంగు.

ఇంత నూనె ఎక్కడి నుంచి వస్తుందని అనుమానం ఉంటే చిన్న లెక్క చూడండి. నా మోడల్లో ఉన్నది గ్లో ఇంజన్, అంటే వేడెక్కిన ప్లగ్ తీగతో ఇంధనం మండే చిన్న ఇంజన్, దాని ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్, కొంచెం నైట్రోమీథేన్, 18–20 శాతం దాకా నూనె. మిథనాల్ కాలిపోతుంది, నూనె మాత్రం దాదాపు అంతా సైలెన్సర్ గుండా బయటికి వచ్చేస్తుంది. 250 మి.లీ. ట్యాంకు ఒకటి ఖాళీ అయ్యిందంటే 45–50 మి.లీ. నూనె బయటపడినట్టే, అంటే టీ కొట్టు గ్లాసులో సగం. ఇరవై సార్లు ఎగరేస్తే లీటరు. అందులో చాలావరకు గాలిలో కలిసిపోతుంది, నిజమే, కానీ మిగిలింది రెక్క అడుక్కీ, పక్క గోడకీ, తోకకీ పూసుకుని, ఫిల్మ్ అతుకుల సందుల్లోంచి లోపలికి దిగుతుంది. రెక్కను పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్ల కింద ఒకటి, ట్యాంకు గదిలో పగిలిన ట్యూబు దగ్గర ఒకటి, ఈ రెండు చోట్లా ముందు వెతకండి. బాల్సా అంటే నిలువునా సన్నటి గొట్టాల కట్ట లాంటిది, పక్క నుంచి నిదానంగా తాగుతుంది కానీ అడ్డంగా కోసిన మొహం నూనెకు తగిలిందంటే చెరకు ముక్క నీళ్ళలో పెట్టినట్టు పీల్చుకుంటూ పోతుంది.

ఇక ఫిల్మ్ వెనకుండే జిగురు 100 డిగ్రీల చుట్టుపక్కల వేడికి మెత్తబడి కట్టె పొరల్లోకి దిగి పట్టుకోవాలి. అక్కడ ముందే నూనె కూర్చుని ఉంటే ఇక జిగురుకు చోటెక్కడిది. పైగా ఇస్త్రీ వేడికి లోపలి నూనె పైకి ఉబుకుతుంది. ఆ రోజు బాగానే అతుక్కున్నట్టు కనిపిస్తుంది, మర్నాడు మన ఎండలో మూసిన కారులో గంట పెడితే అంచులన్నీ లేచి నిలబడతాయి. ఫిల్మ్‌కు బదులు టిష్యూ కాగితం పరిచి డోపు అనే లక్కర్ పూసే పద్ధతి వాళ్ళకైతే డోపు ఆ మచ్చ మీద నిలవకుండా చేప కళ్ళలా గుంతలు పడుతుంది. (డోపు పెళుసుబారకుండా ఉండటానికి అందులో నాలుగు చుక్కలు ఆముదం కలపడం పాతకాలం నుంచీ ఉన్న అలవాటే, అదే ఆముదం అడుగున ఉంటే మాత్రం డోపును నిలబడనివ్వదు, విచిత్రం.)

సరే, ఏ నూనె అన్న ప్రశ్నకు వద్దాం. ఆముదమైతే పసుపు ఛాయ, వాసన మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే, పాతబడితే గట్టిపడి వార్నిష్‌లా గోధుమ రంగు పెచ్చు కడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు కూడా ఈ ఆముదం మీదే తిరిగేవి, పైలట్ల మొహాల నిండా అదే చిందేది, కాబట్టి మన రెక్క ఒక్కటే పాపం చేసుకోలేదు. సింథటిక్ నూనెలకు పెద్దగా రంగూ వాసనా ఉండవు, గట్టిపడవు, ఎన్నేళ్ళైనా జారుడుగానే ఉంటాయి. పెట్రోలు ఇంజన్ మోడలైతే అందులో పడేది బైకుల టూటీ ఆయిల్ లాంటిది, వాసనతోనే తెలిసిపోతుంది.

నమ్మకం చాలకపోతే రెండు ఇయర్‌బడ్లు తీసుకోండి, ఒకటి స్పిరిట్‌లో, ఒకటి పెట్రోల్లో ముంచి, మచ్చ మీద చెరో పక్క పది సార్లు రుద్దండి. ఏ బడ్ ఎక్కువ మురికిగా వచ్చిందో మీ దారి అటు. ఆముదంలో దాదాపు 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లం నిర్మాణం వల్ల అది ఆల్కహాల్లో చక్కగా కలిసిపోతుంది, పెట్రోల్లో మాత్రం మనస్ఫూర్తిగా కరగదు. టూటీ ఆయిల్‌ది పూర్తిగా తిరగేసిన కథ, పెట్రోల్లో కరుగుతుంది, స్పిరిట్‌ను పట్టించుకోదు. గ్లో ఇంధనంలో వాడే సింథటిక్ నూనెలు ఎలాగూ మిథనాల్లో కలవాల్సినవే కాబట్టి వాటికీ ఆల్కహాలే.

ఇది తెలియక నేను చేసిన పని చూడండి. పెట్రోలుకు కరగని జిడ్డుంటుందా అనుకుని, బ్రష్షుతో ముక్కు భాగమంతా పెట్రోలు పూశాను. మచ్చ మాయమైంది! ఫోటో తీసి పిన్ని కొడుక్కి పంపించేశాను కూడా. సాయంత్రానికి పెట్రోలు ఆరిపోయింది, మచ్చ తిరిగొచ్చింది, అంతకుముందు రెండో అడ్డచట్రం దగ్గర ఆగి ఉన్నది ఇప్పుడు రెండంగుళాలు వెనక్కి జరిగి రెక్క కూర్చునే చోటి దాకా పాకింది. అద్దంలో చూసుకుంటే నాది ఆముదం తాగిన మొహం.

ఆ వారమే మా ఇంట్లో నేల పాలిష్ పని జరుగుతోంది, బేతంచెర్ల బండలు. వంటింట్లో నూనె పడి ఇంకిపోయిన బండ మీద పాలిష్ పనికొచ్చిన ఆయన తెల్ల పొడి ఏదో థిన్నర్‌తో ముద్ద చేసి దోసెంత మందాన పరిచి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ ముద్ద పచ్చగా తిరిగి, బండ తేటగా ఉంది. నా విమానం తెచ్చి చూపించి పెట్రోలు సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "నూనె కరిగితే ఏమొస్తాదన్నా, కరిగినాక అది యాడికైనా పోవాల గదా. దానికి తావు సూపిచ్చింటే పోయుండేది" అన్నాడు. ఈ విషయం మీద నేను తర్వాత చదివినదంతా కలిపినా అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మన ముందున్న దారులు ఒక్కొక్కటీ చూద్దాం, నా మొగ్గు ఎటో దాచుకోను.

ఉత్త పొడి చల్లడం. నూనె కొత్తది, పైపైన ఉంది, నిన్నో మొన్నో ఎగరేసినప్పుడు పడింది అంటే ఇది చాలు. మొక్కజొన్న పిండి, ముఖానికి వేసే పౌడరు, సుద్ద పొడి, ముల్తానీ మట్టి, ఏదైనా కొంత పీలుస్తుంది. పొడి చల్లి, మెత్తగా రుద్ది, రాత్రంతా వదిలి, పొద్దున దులిపేసి, మళ్ళీ కొత్త పొడి. లోపలికి దిగిన నూనెకు ఇది దిష్టి తీసినట్టే, మనకు తృప్తి తప్ప ఫలితం ఉండదు. పౌడర్లలో మాత్రం తేడా ఉంది. మొహం పౌడరు ఎక్కువభాగం టాల్కం, అంటే మన కర్నూలు, అనంతపురం జిల్లాల్లో తవ్వే బలపపు రాయి పొడే. నూనెను కాస్త పట్టుకుంటుంది కానీ కట్టె సందుల్లో ఇరుక్కుని, తర్వాత ఫిల్మ్ జిగురును పట్టనివ్వదు, దానికి తోడు సెంటు. ముల్తానీ మట్టి అలా కాదు, అది నూనె పీల్చడానికే పుట్టిన బంకమట్టి, ఉన్ని మీది జిడ్డు తీయడానికి పూర్వం వాడింది ఇలాంటి మట్టినే. అమెరికాలో ఈ పనికి కేటూఆర్ అనే మచ్చలు తీసే స్ప్రేకి మంచి పేరుంది, అది కూడా సాల్వెంట్, పొడి కలిపి కొట్టే ఏర్పాటే. చెట్టు లేని ఊళ్ళో ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, అది దొరకని కర్నూల్లో ముల్తానీ మట్టే మనకు మహావృక్షం. కాకపోతే ఇంట్లో వాళ్ళ డబ్బా ముట్టుకోకుండా కిరాణా కొట్లో విడిగా పొట్లం కొనుక్కోండి. మా అమ్మ చూసి, "ఏం రా, మొగానికి పూసుకునేది కట్టెకు పూస్తాండావు?" అని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

వేడి, కాగితం. మచ్చ మీద రెండు మూడు పొరల టిష్యూ కాగితం పరిచి, ఇస్త్రీ పెట్టె తక్కువ వేడిలో పెట్టి మెల్లగా నొక్కుతూ పోవడం. కాగితం తడిసిన చోటు మారుస్తూ ఉండాలి. ఇది ఆముదానికి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే 40 డిగ్రీల దగ్గర పాకంలా ఉండే ఆముదం 100 డిగ్రీలకు వచ్చేసరికి చిక్కదనంలో పదో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. సాల్వెంట్ ఖర్చు లేదు, జిగురు అతుకులకు పెద్ద ప్రమాదం లేదు, థర్మకోల్ మీద బాల్సా పరిచిన రెక్క కాకపోతే భయం లేదు. దీంతో మొత్తం పోదు, సగం పోతుంది. నా మాట ఏమిటంటే ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు ఒక రౌండు ఇది చేయండి, సాల్వెంట్ పని సగానికి తగ్గుతుంది. హీట్ గన్ కూడా వాడొచ్చు, చేతిని ఒక చోట ఆపకుండా. బాల్సా గోధుమ రంగుకు తిరిగిందంటే మాడినట్టు. ఎండ? మే నెలలో మా మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కప్పి రెక్క పెట్టి చూశాను, నూనె పైకి చెమర్చింది, నిజమే, కానీ రెక్క కూడా మెలి తిరగబోయింది. ఆ ప్రయోగం చేస్తే నాపరాయి మీద చదునుగా పెట్టి, పైన బరువు ఉంచే చేయండి.

సాల్వెంట్, పొడి కలిపిన ముద్ద. నా ఓటు దీనికే, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

ముందు సాల్వెంట్ ఏదన్నది. గ్లో ఇంజన్ మోడలైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదే ఐపీఏ, 99 శాతంది. మొబైల్ రిపేరు వాళ్ళు బోర్డులు కడగడానికి ఇదే వాడతారు, వాళ్ళకు స్పేర్ పార్టులు అమ్మే షాపుల్లో అడగండి. 70 శాతంది వద్దు, మిగతా 30 శాతం నీళ్ళే కాబట్టి కట్టె ఉబ్బుతుంది. చేతులకు పూసుకునే శానిటైజర్ అసలే వద్దు, అందులో గ్లిజరిన్ కలుస్తుంది, జిడ్డు తీయబోయి జిడ్డు పూసినట్టు. మెడికల్ షాపు సర్జికల్ స్పిరిట్ కొనేటప్పుడు సీసా మీద ఏమేం కలిసిందో చదవండి, సర్జికల్ స్పిరిట్ ఫార్ములాల్లో కొన్నింట్లో ఆముదమే కలుపుతారు! వడ్రంగులు లక్క పాలిష్‌కు వాడే రంగులేని స్పిరిట్ పనికొస్తుంది. మిథనాల్ మాత్రం ఇంధనం కలుపుకునేవాళ్ళ దగ్గర ఉన్నా దీనికి వాడొద్దంటాను, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, కళ్ళు పోగొట్టే విషం, మంట అంటుకుంటే పట్టపగలు కనబడదు కూడా.

ఎన్‌సీ థిన్నర్ పెయింటు షాపులో ఎక్కడైనా దొరుకుతుంది, ఆముదాన్నీ టూటీ ఆయిల్‌నూ రెండింటినీ కరిగిస్తుంది, గట్టిపడిన పాత ఆముదపు పెచ్చుకు స్పిరిట్ కంటే ఇదే నయం. ఒకసారి కొనడానికి పోతే షాపతను "ఇంటికి రంగులేపిస్తాండారా అన్నా?" అన్నాడు, విమానానికి అంటే నమ్మలేదు. థిన్నర్‌తో చిక్కు ఏమిటంటే అది నూనెతో ఆగదు, డోపు, పెయింటు, ఫెవిక్విక్ లాంటి సీఏ జిగురు అతుకులు, అన్నింటి మీదా పడుతుంది. థర్మకోల్ రెక్కకు ఒక్క చుక్క తగిలితే లోపల గుహ తయారవుతుంది, పైనుంచి చూస్తే తెలియదు కూడా. అలాంటి రెక్కకు ఐపీఏ తప్ప ఇంకేదీ దగ్గరికి రానివ్వకండి, పెట్రోలు కూడా. అసిటోన్ ఇంకా చురుకైంది, కానీ మన ఎండాకాలంలో బ్రష్షు సీసాలోంచి కట్టె దాకా వచ్చేలోపే ఆవిరైపోతుంది, నూనెను కరిగించి బయటికి మోసే తీరిక దానికుండదు. చలికాలం పొద్దునపూట అయితే ఒప్పుకుంటాను. పెట్రోలు ఇంజన్ మోడల్‌కు థిన్నరో, పెయింట్లలో కలిపే టర్పెంటాయిలో చాలు, పెట్రోలే వాడాల్సిన అవసరం లేదు. ఉత్త పెట్రోలు బకెట్టు పక్కన పెట్టుకుని పని చేయడం నాకిప్పుడు తలచుకుంటేనే టెన్షన్.

ఇవన్నీ అంటుకునేవే. ఐపీఏ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే నిప్పు రవ్వకు అంటుకుంటుంది, అసిటోన్, పెట్రోలు అయితే సున్నాకు చాలా కింద. కాబట్టి మిద్దె మీద, పొద్దున్నే, ఎండెక్కక ముందే, పక్కన ఇస్త్రీ పెట్టె, హీట్ గన్, బీడీ ఏవీ లేకుండా. తడి గుడ్డలు ఉండ చుట్టి మూలన పడేయకండి, విప్పి ఆరుబయట ఆరేయండి.

ఇక చేసే తీరు. ముల్తానీ మట్టిని ఐపీఏతో కలిపి దోసెపిండి కంటే కాస్త గట్టిగా చేసుకోవాలి. మచ్చ మీద ముందు ఉత్త ఐపీఏ బ్రష్షుతో బాగా తడపాలి, కట్టె ఇక తాగను అనేదాకా. వెంటనే ముద్దను అర సెంటీమీటరు మందాన పూయాలి. మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు బయటి దాకా పూయండి, లేకపోతే నూనె ఆ అంచుకు పారిపోయి గీతలా నిలుస్తుంది. తర్వాత దాని జోలికి పోకండి. ఆల్కహాల్ ముద్ద పైభాగం నుంచి ఆరుతూ ఉంటుంది, ఆరేకొద్దీ లోపలి తడిని పైకి లాగుతుంది, ఆ తడితో పాటు కరిగిన నూనె ప్రమిదలో వత్తి పట్టి పైకెక్కినట్టు ఎక్కి మట్టిలో చిక్కుకుంటుంది. మొదటిసారి నేను పక్కనే కూర్చుని చూశాను. అరగంటకు అంచులు తెల్లబడ్డాయి, గంటకు ఎండిన చెరువు నేలలా బీటలు వచ్చాయి, ఆ బీటల అంచులు మాత్రం తెల్లబడలేదు, టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. గోటితో ఒక పెంకు లేపితే అడుగు వైపు వేలికి జిడ్డు తగిలింది. పెట్రోలుతో వారం కింద లోపలికి తోసిన ఆముదం అది.

ఎండిన పెంకులు దులిపి, మళ్ళీ తడిపి, మళ్ళీ పూత. కొత్త మచ్చకు రెండు సార్లు, నా లాంటిదానికి నాలుగైదు. ముద్ద రంగు మారడం ఆగిపోయినప్పుడు మీరూ ఆగండి, కట్టె రంగు చూసి ఆగొద్దు, ఎందుకంటే కట్టె మచ్చ పూర్తిగా పోదు, పోవాల్సిన పనీ లేదు. చివర ఐపీఏ తడి గుడ్డతో మట్టి దుమ్మంతా తుడిచి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దండి. నూనె తీయకముందే గరుకు కాగితం పట్టుకునేవాళ్ళున్నారు, కాగితం నిమిషంలో జిడ్డు పట్టి చచ్చిపోతుంది, నూనె కలిసిన దుమ్ము పక్కనున్న శుభ్రమైన కట్టెలో ఇంకుతుంది, అంతే లాభం.

సబ్బు నీళ్ళు. గిన్నెలు తోమే లిక్విడ్ గురించి చాలామంది చెబుతారు. ఫిల్మ్ మీద ఉన్న నూనెకు, అంటే రోజూ ఎగరేశాక తుడవడానికి, దానికి మించింది లేదు. ఫిల్మ్ పీకిన ఉత్త బాల్సాకు మాత్రం వద్దు. నా తోక రెక్క మీద నురగ చేసి తోమాను, కడిగాను, నీడలో ఆరబెట్టాను, పొద్దున చూస్తే నూనెలో వేసిన అప్పడంలా నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి. ఫెవికాల్ అతుకులు రెండు మెత్తబడి ఊడాయి కూడా. కొత్త షీటు కొని మళ్ళీ తోక కట్టుకున్నాను.

కోసి పారేయడం. ఇది ఓడిపోయినవాళ్ళ దారి అనుకునేవాణ్ణి. ఇప్పుడు కొన్ని చోట్ల మొదటి దారే ఇది అంటాను. గోరుతో నొక్కితే స్పాంజిలా దిగిపోయే కట్టె, నల్లబడిన కట్టె, పొరలు విడిన ఫైర్‌వాల్ ప్లైవుడ్, వీటికి మట్టి పూయడం శుద్ధ దండగ. నిమిషానికి 10 వేల చుట్లు పైనే తిరిగే ఇంజన్‌ను పట్టుకుని ఉండేది ఆ ఫైర్‌వాల్, దాని వెనక అతుకులో నూనె చేరితే ఏ అరల్డైటూ పట్టదు. నాది చూడటానికి గట్టిగానే ఉంది, స్క్రూడ్రైవర్ మొన పెట్టి కాస్త తిప్పితే అతుకు మొత్తం టక్కున ఊడి చేతికొచ్చింది, లోపల జిగురు అద్దంలా నున్నగా, నూనె మెరుపుతో. అదే గాల్లో ఉండగా ఊడి ఉంటే అని ఆ రోజు నిద్ర పట్టలేదు. రెండు గంటల పనిలో కొత్త ప్లై కోసి, పక్క గోడల బాల్సా కూడా శుభ్రమైన కట్టె తగిలేదాకా ఏటవాలుగా కోసి, కొత్త ముక్కలు అతికాను. సూటిగా అడ్డంగా కోయకండి, ఏటవాలు కోతకు జిగురు పట్టే చోటు ఎక్కువ. బాల్సా దక్షిణ అమెరికా ఈక్వెడార్ నుంచి రావాలి, మన దగ్గరికి వచ్చేది పెద్ద ఊళ్ళ హాబీ షాపుల నుంచి కొరియర్‌లో, అందుకని కోయాలంటే చేయి వణుకుతుంది, అర్థమే. అయినా ఒక షీటు ధర కంటే ఇంజన్ ధర ఎక్కువ కదా.

నూనె మీదే సీలు వేసేయడం. పలచటి సీఏ పోసి గట్టిపరచడం, ఎపాక్సీ పూయడం, లక్క పాలిష్ కొట్టడం. తొందరలో ఉన్నవాళ్ళకు ఇది ఊరిస్తుంది, కానీ నూనె తీయకుండా వేసిన ఎపాక్సీ చెంబు మీద అంటించిన స్టిక్కరు లాంటిది. తీశాక వేయడం వేరు, అది మంచి పని, ముఖ్యంగా ట్యాంకు గది లోపలా ఫైర్‌వాల్ ముందు మొహానా ఎపాక్సీ పలచగా పూస్తే మళ్ళీ ఇదే కథ రాదు. లక్క దాదాపు దేనికైనా పట్టుకుంటుంది, మిగిలిపోయిన లేత మచ్చను ఫిల్మ్ జిగురుకు అడ్డం రాకుండా కప్పేస్తుంది, కాకపోతే అది స్పిరిట్లో కరిగేది కాబట్టి గ్లో ఇంధనం నేరుగా పడే చోట వాడొద్దు. ఫిల్మ్ పట్టు పెంచడానికే చేసిన బాల్సారైట్ లాంటి ద్రవాలు దొరికితే అంచుల వెంట ఒక పూత ఇవ్వండి.

మరి మీ చేతిలో ఉన్నదానికి ఏది? మచ్చలు రెక్క అడుగున అక్కడక్కడా ఉంటే ఇస్త్రీ, కాగితం, ఒక రౌండు మట్టి ముద్ద, ఒక ఆదివారం సరిపోతుంది. ఎవరి దగ్గరో కొన్న పాత గ్లో ట్రైనర్ అయితే ముక్కు కోయడానికి సిద్ధపడే మొదలుపెట్టండి, మిగతాది ఐపీఏ ముద్దతో. థర్మకోల్ రెక్క అయితే ఐపీఏ, చల్లటి చేయి, ఇస్త్రీ వద్దు. కాలేజీ పిల్లలు కట్టిన చిన్న కంట్రోల్ లైన్ మోడల్ (తీగలతో పట్టుకుని చుట్టూ తిప్పేది), మొత్తం నాలుగు షీట్ల కట్టె, నిలువెల్లా నానిపోయింది అంటే, నా మాట విని ఇంజన్ విప్పి దాచుకుని కొత్తది కట్టండి, శుభ్రం చేసే రోజుల్లో రెండు కట్టొచ్చు. తాత కట్టిన విమానం, తాత చేతి రాత ఉంది లోపల అంటే అది వేరే సంగతి, దానికి ఎన్ని ఆదివారాలైనా పెట్టొచ్చు.

కవరింగ్ మొత్తం వేసేముందు రెండు వేళ్ళంత ఫిల్మ్ ముక్క అత్యంత అనుమానంగా ఉన్న చోట ఇస్త్రీ చేసి, ఒక రోజు ఎండలో వదిలి, అంచు పట్టి పీకి చూడండి. కట్టె పీచు ముక్కకు అంటుకుని వస్తే వేసేయండి. ముక్క నున్నగా ఊడొస్తే ఇంకో రౌండు. నాకు రెండుసార్లు నున్నగానే ఊడింది.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. నూనె బరువు. వంటింటి తూకంలో పెట్టి చూస్తే ముద్దలకు ముందూ తర్వాతా నాకు 38 గ్రాముల తేడా వచ్చింది. ముక్కు దగ్గరా తగ్గింది, తోకలోనూ తగ్గింది, కానీ తోక చాలా దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడి పది గ్రాములు ముక్కు దగ్గర పాతిక ముప్పై గ్రాములతో సమానం. అందుకని పాత లెక్క పట్టుకుని ఎగరేయకుండా కవరింగ్ అయ్యాక బ్యాలెన్స్ మళ్ళీ చూసుకోవాలి. మేము 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విమానాలు మొదలయ్యాక అటువైపు పోవడం మానేసి, ఆదోని రోడ్డు వైపు శనగ కోత అయిపోయిన నల్లరేగడి చేలో ఎగరేస్తున్నాం. మొదటిరోజు అక్కడ వేళ్ళ మీద నిలబెట్టి చూస్తే ముక్కు కిందికి దిగిపోతోంది. నూనెతో బరువెక్కిన తోకను సరిచేయడానికి మా పిన్ని కొడుకు ఎప్పుడో ముక్కులో అంటించిన సీసం ముక్కల్లో ఒకటి అక్కడే చాకుతో పీకేశాను. ఇప్పుడు మిద్దె మీద ముద్ద పూసేటప్పుడు టిష్యూ కాగితాలు గాలికి ఎగిరిపోకుండా దాన్నే బరువుగా పెట్టుకుంటున్నాను.